సుగటూరు మూటలు

శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే మా ఇంట్లో డ్రమ్ములు కడిగే పని వస్తుంది. పోయినేటి రాగులు అప్పటికి అడుగంటి ఉంటాయి. వాటిని చేటలోకి ఎత్తి, డ్రమ్మును బోర్లించి దులిపి, కడిగి ఎండబెట్టి, అడుగున ఎండిన వేపాకు పరచాలి. మా వీధి చివర బంగారం తీశాక గనుల మట్టి పోసిన సైనైడు దిబ్బలున్నాయి. గాలి ఇటు తిరిగితే ఆ దుమ్ము ఏ సందులోంచైనా ఇంట్లోకి దూరుతుంది. కాబట్టి మూతలకు పాత చీర గుడ్డ చుట్టి బిగించడం కూడా ఒక పనే. ఆ రోజు నేను రాగుల డ్రమ్ములోకి నడుము దాకా వంగి అడుగు రుద్దుతుంటే, మా అత్త గురువమ్మ గడప మీద కూర్చొని అడిగింది.

"సుగటూరు మూటలు ఎప్పుడొస్తాయంటమ్మా?"

ఏటా అడిగే మాటే. సుగటూరు నా పుట్టిల్లు. పెళ్లై పన్నెండేళ్లుగా మా ఇంటికి ఏడాది రాగులు అక్కడినుంచే వస్తున్నాయి. రాగులతోపాటు ఎండిన అనపగింజలు, చింతపండు, వేరుసెనక్కాయలు కూడా. కోలారు బంగారు గనుల్లో మా మామ పనిచేసిన కాలం నాటి చిన్న క్వార్టర్సు ఇల్లు మాది. రెండు గదులు, ఒక వంటిల్లు. మా ఆయన నందీశ్ తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో ఒక గోడౌనుకు పనికి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెద్ద సంపాదనేమీ కాదు. అందుకే దినుసులు ఏడాదికి ఒకసారి నింపుకుంటే అంగడి మొహం చూడకుండా గడిచిపోతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

నందీశ్ రైల్లో స్నేహితులతో అంటాడట, "మా ఇంట్లో రాగులు కొనేదే తెలీదు మాకు" అని. అత్త వీధిలో వాళ్లతో, "నా కొడుకు జాగ్రత్తగల్లోడు. ఒక రూపాయి ఊరికే పోనీడు" అంటుంది. నేను కుట్టు మిషను ముందు కూర్చొని ఇవి వింటాను. కందిపప్పుకు ఆముదం రాసి ఎండబెట్టేది నేను. మిరపకాయలకు తొడిమలు తీసి, చేతులు మండి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది నేను. రాగుల్లో రాళ్లు ఏరి, చెరిగి, దుమ్ముకు వారంపాటు తుమ్మేది నేను. ఇవన్నీ చేసిన చేతులకు పేరేమీ లేదు. వచ్చిన పేరంతా జాగ్రత్తగల కొడుకుకే పోయింది. దాన్ని గురించి నేను ఎక్కువ ఆలోచించేదాన్ని కాదు కూడా. నన్ను పొడిచేది ఇంకొకటి. మూటలు వచ్చిన మర్నాడే అత్త ఒక సంచీ తెచ్చి, మా ఆడబిడ్డ వనిత కోసం సేర్లకు సేర్లు కొలిచి పెట్టేది. వనిత వైట్‌ఫీల్డ్‌లో ఉంటుంది. "ఆడకూతురు. పుట్టింటి గింజ తింటే ఆమెకు తృప్తి" అనేది అత్త. మా అమ్మ రెక్కలు ముక్కలు చేసుకొని పండించిన గింజ ఈమెకు ఎట్లా పుట్టింటి గింజ అయిందీ అని నాకు లోపల కుతకుతలాడేది. నోరు తెరిచి అనలేదు.

మా అమ్మ మునిలక్ష్మమ్మ పోయి ఏడాది దాటింది. అమ్మ ఉన్నప్పుడు మూట అంటే అమ్మే. గోనె మూతి కట్టిన ముడి చూస్తే ఆమె చేయి తెలిసేది. పోయినేడు మూటలు వచ్చినప్పుడు ముడి వేరేగా ఉంది. అయినా వచ్చాయి. అది చాలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే రాగులకంటే కూడా ఆ రావడమే నాకు కావలసింది. అమ్మ లేని ఇంటికి నేను ఇంకా కూతురినేనని చెప్పడానికి ఆ రెండు మూటలు తప్ప నా దగ్గర వేరే ఏముంది?

ఆ సాయంత్రం నందీశే మా అన్న నాగేశ్‌కు ఫోన్ చేశాడు. పెట్టేశాక నాతో అన్నాడు, "ఈసారి మీ అన్నకు టెంపో దొరకలేదంట. నువ్వు ముందు పో. చింతకాయ దులిపే కాలం గదా, అదీ చూసుకో. ఆదివారం నేను మా గోడౌను సేటు వ్యాను అడుక్కొని వస్తా. అన్నీ ఒకేసారి వేసుకొని వచ్చేద్దాము. మీ ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదా, ఇంగేమి."

మా పాపను స్కూలుకు పంపే పని అత్తకు అప్పజెప్పి, గురువారం పొద్దున్నే బయలుదేరాను. కోలారులో బస్సు మారి సుగటూరులో దిగేసరికి ఎండ నడినెత్తికి రాలేదు. మా వదిన భాగ్య కొట్టంలో పేడ ఎత్తుతోంది. నన్ను చూసి మోచేత్తో ముంగురులు వెనక్కి నెట్టుకుంది.

"వస్తివా వీణా? చేతులు కడుక్కొని వస్తా ఉండు. కాళ్లు కడుక్కో నువ్వు. ఎంత చిక్కిపోయినావే!"

భాగ్య వదినది, నాది ఒకటే వయసు. ఆమె పెళ్లై మా ఇంటికి వచ్చాక ఒక్క ఏడాది మేమిద్దరం ఆ ఇంట్లో కలిసి ఉన్నాం. చలికాలంలో అనపకాయలు ఒలుస్తూ, నానిన గింజల మీద పొట్టు పితుకుతూ, ఎవరి గింజ దూరంగా ఎగురుతుందో అని పందెం వేసుకొని, అమ్మతో తిట్లు తినేవాళ్లం. తర్వాత నా పెళ్లైంది. ఆ తర్వాత నేను వచ్చినప్పుడల్లా అమ్మ దగ్గర కూర్చునేదాన్ని. వదిన వంటింట్లోనో కొట్టంలోనో ఉండేది. పొద్దునొచ్చి సాయంత్రం పోయే ఆడబిడ్డకు ఆమెతో మాట్లాడే తీరిక ఎప్పుడూ దొరకలేదు. దొరకలేదని కూడా నాకు తెలియలేదు.

వాళ్ల బిడ్డలిద్దరూ కోలారు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. మధ్యాహ్నం అన్నకూ నాకూ వేడివేడి రాగి ముద్దలు, ఆకుకూర వంచిన నీళ్లతో కాచిన బస్సారు పెట్టింది. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. "నువ్వూ కూర్చో వదినా" అంటే, "నాకు ఆకలి లేదులే. పశువులకు నీళ్లు పెట్టి తింటా" అంది. రాత్రీ అంతే. మర్నాడు మధ్యాహ్నమూ అంతే. అన్న తిని టమాట తోటకు పోయాడు. నేను తిని, చింతకాయలు ఎండబోసిన పట్ట దగ్గరికి పోయి, దాహమై మళ్లీ లోపలికి వచ్చాను. వదిన పొయ్యి వైపు తిరిగి, గోడకు ఆనుకొని కూర్చొని తింటోంది. పళ్లెంలో చల్లారిన రేషను బియ్యం అన్నం, పక్కన మిరపకాయ పచ్చడి. అంతే.

"ముద్ద లేదా వదినా?"

ఆమె ఉలిక్కిపడి పళ్లేన్ని కొంచెం పక్కకు జరిపింది. "నాకు అన్నమే బాగుండాది. ముద్ద తింటే ఈ మధ్య అరగడం లేదు."

పొద్దున్నుంచి రాత్రి దాకా పొలంలో, కొట్టంలో తిరిగే మనిషికి ముద్ద అరగదంటే నేను నమ్మలేదు. బహుశా పిండి అయిపోయి ఉంటుంది, ఆడించే తీరిక లేక ఇట్లా సర్దుకుంటోంది అనుకున్నాను.

"పిండి అయిపోయినట్లుండాది. రాగులు తియ్యి, నేను మిషనుకు పోయి ఆడించుకొని వస్తా. ఊరికే కూర్చున్నా గదా" అంటూ దినుసుల గదిలోకి పోయాను. నేను పుట్టకముందు కట్టిన సిమెంటు గాదె ఉంది ఆ గదిలో. నా చిన్నప్పుడు దాంట్లోకి దిగితే రాగులు మోకాళ్లదాకా వచ్చేవి. మూత తీసి చూశాను. అడుగు కనబడుతోంది. మూలల్లో ఊడ్చిన చీపురు గీతలు కూడా కనబడుతున్నాయి. గోడ పక్కన మాత్రం నిండుగా రెండు గోనె మూటలు, మూతులు కట్టి నిలబెట్టి ఉన్నాయి. సరే, వీటిలోంచే తీద్దామని ఒకదాని ముడి విప్పబోయాను.

వదిన ఎంగిలి చేత్తోనే గది గుమ్మంలోకి వచ్చింది.

"వాట్లోంచి తియ్యొద్దు వీణా. అవి నీవి."

నా చేతులు ముడి మీద అట్లాగే ఆగిపోయాయి. ఇల్లంతా ఉన్న రాగులు ఆ రెండు మూటలే. ఆ రెండూ నావి.

"మరి మీకు?" అన్నాను.

"మాకేముండాది. రేషను బియ్యం వస్తాది, నెలకు రోంత రాగులూ ఇస్తారు. మీ అన్నకు ముద్ద లేకుంటే జరగదు, అవి ఆయనకు సరిపోతాయి. ఇప్పుడు నువ్వు వచ్చినావు గదా, రెండు దినాలు అందరికీ అని..." మాట మధ్యలో ఆపి, చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

తర్వాత పట్ట మీద ఎదురెదురుగా కూర్చున్నాం. వేళ్లకు ఆముదం రాసుకొని, పెంకు తీసిన చింతకాయలను రాతి మీద పెట్టి చిన్న కొయ్యతో కొట్టి, పిక్కలు తీయడం. ఒక కొట్టు, ఒక నొక్కు, పిక్క జారి పడుతుంది. చేతులు వాటంతటవే పనిచేస్తుంటాయి కాబట్టి మాట సులువుగా వస్తుంది. నేను అడగ్గా అడగ్గా చెప్పింది. మూడు వంతుల నేల టమాటకు పెట్టారట. మిగిలిన వంతులో వేసిన రాగి పైరు కోతకొచ్చిన వారమే ముసురు పట్టి పడిపోయిందట. కంకులు పొలంలోనే మొలకెత్తాయట. చేతికొచ్చింది ఈ రెండు మూటలూ, పైన కొన్ని చేటలు.

"అన్నకు చెప్పలేకపోయినావా, ఈ ఏడు వీణకు లేదని?"

"ఎట్ల చెప్పేది? ఆయప్ప ముందే కట్టి పెట్టేసినాడు. 'అమ్మ పోయినంక ఆడబిడ్డకు లేదంటే ఊరు నగుతాది' అన్నాడు. అది గూడా తప్పు గాదులే. నువ్వంటే ఆయప్పకు పాణం."

"నీకు కోపం రాలేదా నా మీద?"

వదిన కొయ్య పక్కన పెట్టి కాసేపు నా వైపు చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు. అది ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నీ మీద ఏమిటికి వీణా? అత్త ఉన్నెప్పుడు ఇచ్చింది అత్త. ఇప్పుడు ఇచ్చేది మీ అన్న. కలుపు తీసింది నేను, కోసింది నేను, తూర్పారబట్టింది నేను. నన్నెవరన్నా అడిగినారా, ఇస్తావా అని? అడిగి ఉంటే ఇస్తా అనే అందును. నీకు గాకుంటే ఇంగెవరికి ఇస్తా? ఊరికే ఒకసారి అడిగి ఉంటే సాలు, అంతే."

ఎన్నేళ్లుగా నేను వనితను లోపల్లోపల తిట్టుకున్నానో గుర్తొచ్చింది. మా అమ్మ గింజ ఆమెకెందుకు అని. ఆ గింజ మీద నా హక్కు ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కరోజూ నన్ను నేను అడగలేదు. మా వంటింట్లో మిగిలిందని అందరూ మురిసిపోయే మిగులు అంతా ఇక్కడ, ఈ వంటింట్లో, ఒక ఆడమనిషి పళ్లెంలో తగ్గిందే. అక్కడ నందీశ్ పేరు, ఇక్కడ అన్న పేరు. మధ్యలో నడుము వంచింది మేమిద్దరం. ఒకరి వెనక ఒకరం నిలబడి, ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు.

వదిన మళ్లీ కొయ్య అందుకుంది. పనిలో పడ్డాక తనే అంది.

"నాకూ పుట్టిల్లు ఉండాది, ఆవని ఊర్లో. మా అమ్మ పోయినంక నాకు ఎవురూ మూట కట్టలేదు. మా వదిన పిసినారిది అని చానా ఏండ్లు తిట్టుకొంటి. ఇప్పుడనిపిస్తాది, ఆమె ఇంట్లో గూడా ఉండిందో లేదో అని. పోయి అడగల్ల ఒకసారి."

ఆ రాత్రి నేనే వంట చేశాను. వదిన వద్దన్నా వినకుండా, అన్న కోసం డబ్బాలో ఉంచిన పిండి తీసి మూడు ముద్దలు కట్టాను. చిన్నవే, కానీ మూడూ ఒకటే కొలత. ఆమెను చేయి పట్టి నా పక్కన కూర్చోబెట్టాను. అన్న ఒకసారి మా వైపు చూసి తన ముద్ద తుంచుకున్నాడు. తిన్నాక వదిన నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి తలకు ఆముదం అంటింది. అమ్మ పోయాక నా తలను ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆమె వేళ్లు మొరటుగా ఉన్నాయి. చింతపిక్కలు తీసి తీసి చివరలు పగిలాయి. ఆ పగుళ్లు వెంట్రుకలకు పట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమెకు తెలిసే ఉంటుంది. ఇంకాసేపు అంటింది.

రెండు రోజులు నేను ఒకే ఆలోచనతో కొట్టుకున్నాను. మూటలు వద్దంటే అన్న బాధపడతాడు. ఎందుకు వద్దంటున్నావంటే వదిన పేరు వస్తుంది. నేను వ్యానెక్కి పోయాక ఆ మాట ఆమెకే తగులుతుంది. అంతకంటే లోపల ఇంకో భయం. మూట వద్దన్న ఆడబిడ్డను మళ్లీ ఎవరు పిలుస్తారు? ఆ దారమే తెంపుకుంటే ఈ ఇంటికి నేనేమవుతాను?

ఆదివారం నందీశ్ వ్యాను తెచ్చాడు. అన్న కోడి కోయించాడు. మగవాళ్లిద్దరూ తిని, వర్షం గురించి, టమాట ధర గురించి మాట్లాడుకున్నారు. తర్వాత అన్న తువ్వాలు భుజాన వేసుకొని లోపలికి పోయి మొదటి మూటను వీపు మీదికి ఎత్తుకొని వచ్చాడు. వదిన గుమ్మం పక్కకు జరిగి దారి ఇచ్చింది. అలా జరగడం చూశాక నేనిక ఆగలేకపోయాను.

"అన్నా, దించు. మూటలు నాకొద్దు."

అన్న మూట కింద వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. "ఏమంటివి?"

"వద్దంటా ఉండాను. ఇంగ మీదట రాగులు మేము కొనుక్కుంటాము."

నందీశ్ నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. అన్న మూట దించి, నిటారుగా నిలబడి, నేను భయపడిన వైపే తిరిగాడు. "ఏమే, ఏమన్నా అంటివా నువ్వు?"

వదిన నోరు తెరిచేలోగా నేను ముందుకు పోయాను. "వదిన ఒక మాటా అనలేదు. నాకోసరమని దాచి పెట్టింది. ముట్టుకుంటే గూడా వద్దనింది, వీణవి అని. నాకు కండ్లు లేవా అన్నా? గాదె చూసినాను. పండింది ఇంతే. మీరు అన్నం తిని నాకు ముద్ద పంపిస్తే నాకు దిగుతాదా?"

"ఆడబిడ్డ ఒట్టి చేతులతో పోతే అమ్మకు ఎట్లుంటాది?" అన్న భుజం మీది తువ్వాలు లాగి చేతిలోకి తీసుకున్నాడు. "ఊళ్లో నేను తలెత్తుకునేదెట్ల?"

"మూట లేకుంటే నేను రాననుకున్నావా?" అన్నాను. ఆ మాట అనేదాకా అది నాకే తెలియదు. "వస్తానన్నా. ముందుకంటే జాస్తి వస్తా. పొద్దునొచ్చి సాయంత్రం పోయేది గాదు, నాలుగు దినాలు ఉంటా. వచ్చినెప్పుడు ఒక ముద్ద పెట్టు, సాలు. చింతపండు మాత్రం తీసుకొని పోతా, వదిన ఇస్తానంటే. అది నేనూ కొట్టినాను."

వదిన వైపు తిరిగి అడిగాను. "ఇస్తావా వదినా?"

ఆమె కళ్లు నిండాయి. "ఇస్తా" అంది. లోపలికి పోయి చింతపండు తట్ట తెచ్చి, తన చేత్తోనే ముద్దలు చేసి సంచిలో పెట్టింది. అన్న తువ్వాలుతో మొహం తుడుచుకొని, కొట్టం వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి మూటను ఎత్తుకొని లోపలికి తీసుకుపోయాడు. అది గాదెలోకి జారుతున్న చప్పుడు బయటికి వినిపించింది.

బొట్టు పెడుతున్న వదినతో, "నీ ఫోను నంబరు చెప్పు" అన్నాను.

"నాదా? మీ అన్నది ఉండాది గదా నీ దగ్గర."

"నీదే."

ఆమెకు తన నంబరు గుర్తులేదు. దానికి ఎవరూ చేయరు కాబట్టి గుర్తుపెట్టుకునే అవసరం రాలేదట. తన ఫోన్‌లోంచి నాకు మిస్డ్ కాల్ ఇచ్చింది. నేను "భాగ్య" అని దాచుకున్నాను.

కోలారు దాటాక నందీశ్ మొదలుపెట్టాడు. "సేటును బతిమాలి వ్యాను తెస్తి. ఖాళీగా తీసుకొని పోతా ఉండా. మీ అన్న ముందర నేనేమో రాగులకు కరువైనోని మాదిరి నిలబడితి. ఏడాదంతా కొనేదానికి ఎంతవుతుందో తెలుసునా నీకు?"

"తెలుసు. మనకెంతవుతుందో మీరు ఎప్పుడూ చూస్తారు. వాళ్లకు ఎంతవుతుందో ఒక ఏడన్నా చూస్తిరా?" నా గొంతు నేననుకున్నంత కఠినంగా లేదు. "నేనూ చూడలేదు. ఇద్దరమూ చూడలేదు. నేను ఇంగో రెండు జాకెట్లు జాస్తి కుడతా. మీరు ఆదివారం సంతకు పోయి రాగులు తెండి. తెచ్చినంక రాళ్లు ఏరేదానికి నా పక్కన కూర్చోండి. ఆదా చేసేది ఇద్దరమూ చేద్దాము."

బంగారుపేట రైలు గేటు దగ్గర వ్యాను ఆగింది. గూడ్సు బండి పోయేదాకా స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ కూర్చొని, చివరికి, "ఆమె నిజంగా అన్నమే తింటా ఉండిందా?" అని అడిగాడు. చూసింది చెప్పాను. గేటు లేచింది.

అత్త మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వనితకేం పంపేదని ఆమె బాధ. "కొన్నవాట్లోంచే పంపుదాము అత్తా. లేకుంటే ఆమెనే రమ్మను. నాలుగు దినాలుండి తిని పోతాది" అన్నాను. అత్త మొహం తిప్పుకుంది. మూడోనాడు, నేను మిషను తొక్కుతుంటే వెనక నుంచి అడిగింది. "మీ వదినకు బిడ్డలు ఎందరు?" పన్నెండేళ్లుగా ఆమె గింజలు కొలిచిన మా అత్తకు అది తెలియదు. ఇద్దరని చెప్పాను. "ఊ" అంది.

నందీశ్ సంత నుంచి రాగులు తెచ్చాడు. ఒక ఆదివారం పొద్దుటంతా చేట ముందర కూర్చొని రాళ్లు ఏరాడు. మధ్యాహ్నానికి నడుము పట్టుకొని, "దీన్ని ప్రతి ఏడూ నువ్వు ఒక్కదానివే చేసినావా?" అన్నాడు. నేను నవ్వాను. సాయంత్రం నేను భాగ్య వదినకు ఫోన్ చేశాను. అప్పటికి నాలుగైదుసార్లు మాట్లాడుకున్నాం. ఆవులకు జ్వరం, మా పాప పరీక్షలు, పగిలిన వేళ్లకు ఏ పూత మంచిది, ఇట్లాంటివే.

"వదినా, ఒకసారి మా ఇంటికి రా. నా పెళ్లైనంక ఒక్కసారీ రాలేదు నువ్వు."

"పాలు పితికేదెవురు?"

"అన్న పితుకుతాడు. ఒక దినానికి ఏమీ గాదు. బస్సు ఫ్రీ గదా మనకు. ఒకటే మాట. ఏమీ తేవద్దు. ఒక గింజ గూడా తేవద్దు. చేతులూపుకుంటూ రా."

"అట్లెట్ల వచ్చేది వీణా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగింది.

బుధవారం మా రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో దిగింది. నీలం చీర, కొత్తగా దువ్విన తల. రెండు చేతులూ ఖాళీ. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియడం లేదు. ఒకసారి కొంగు పట్టుకుంది, ఒకసారి నడుము మీద పెట్టుకుంది, మళ్లీ కిందికి వదిలేసింది. నేను పోయి ఒక చేయి పట్టుకున్నాను. ఇంటిదాకా అట్లాగే నడిచాం.

ఇంట్లో అడుగుపెట్టగానే అలవాటుగా వంటింట్లోకి పోబోయింది. అత్త పీట వాల్చింది. "కూర్చోమ్మా. ఈ పూట నీకు పనేమీ లేదు." భాగ్య వదిన నా వైపు చూసింది. నేను తల ఊపాను. భయంభయంగా పీట చివర కూర్చుంది. నేను సంత రాగుల ముద్ద, పప్పుచారు వడ్డించి, నా పళ్లెం తెచ్చుకొని పక్కనే కూర్చున్నాను. మొదట నాలుగు కబళాలు తల వంచుకొని మింగింది. తర్వాత మెల్లగా వెనక్కి ఆనుకుంది. ఆవు ఈనబోతున్న సంగతి అత్తకు చెప్పింది. అత్త తన పుట్టింట్లో ఉండిన ఆవు గురించి చెప్పింది. మాటల్లో పళ్లెం ఖాళీ అయింది. భాగ్య వదిన దానివైపు ఒకసారి చూసుకొని, తలెత్తి నావైపు చూసింది.

"ఇంగ రోంత పెట్టు వీణా" అంది.

నేను గిన్నె అందుకోబోయేలోగా మా అత్త లేచింది.